సస్కటూన్‌లో ఫీజు రీయింబర్స్‌మెంట్

2022 ఆగస్టు నెలాఖరున నన్ను వసూళ్ల కౌంటర్ నుంచి విత్‌డ్రాయల్స్ డెస్క్‌కు మార్చారు. అప్పటికి నేను కెనడాలోని సస్కటూన్‌లో ఒక కాలేజీ స్టూడెంట్ అకౌంట్స్ ఆఫీసులో అకౌంట్స్ ఆఫీసర్‌ని. క్యాషియర్‌గా చేరి, అసిస్టెంట్‌గా ఏళ్ల తరబడి రసీదులు కొట్టి ఆ కుర్చీ దాకా వచ్చాను. మా పైన మేనేజర్, ఆవిడ పైన రిజిస్ట్రార్. రిటైర్మెంట్ దగ్గరపడ్డ మనిషిని తీసుకెళ్లి కొత్త డెస్కులో కూర్చోబెట్టడం ఏం న్యాయమని మా మేనేజర్ డార్లీన్‌ని అడిగాను. ఆవిడ గోధుమ పొలాల మధ్య పెరిగిన మనిషి, డొంకతిరుగుడు తెలియదు. ఆ ఏడు తెలుగు పిల్లలు చాలామంది చేరుతున్నారు, అంతకు ముందు ఏడు చేరినవాళ్లలో కొందరు మధ్యలో చెప్పాపెట్టకుండా మాయమైపోయారు, ఎందుకో ఇక్కడెవరికీ అంతుబట్టలేదు, భాష తెలిసినదానివి నువ్వే కనుక్కో అంది.

ఆ డెస్కు పనేమిటో బయటివాళ్లకు తెలియదు కాబట్టి ముందు అది చెబుతాను. మా దగ్గర చేరిన విద్యార్థి చదువు మానదలుచుకుంటే ఒక ఫారం నింపి, తాను సంతకం చేసి, కోర్సు సలహాదారు చేత కూడా చేయించి ఇవ్వాలి. టర్మ్ మొదలైన తొలి వారాల్లో ఇస్తే డిపాజిట్ మినహాయించుకుని మిగతా ఫీజు వాపసు ఇస్తాం. గడువు దాటితే ఇవ్వం. క్లాసుకు రావడం మానేస్తే విత్‌డ్రా అయినట్టు కాదు. సీటు అతని పేరునే ఉంటుంది, ఫీజు మా దగ్గరే ఉంటుంది, టర్మ్ చివర అన్ని సబ్జెక్టుల్లోనూ ఫెయిలని పడుతుంది. ఇంత సులువైన ఏర్పాటులో కూడా నష్టపోయేవాళ్లు ఉంటారని నేను కలలో కూడా అనుకోలేదు.

ఇదే డెస్కుకు పన్ను ఫారాల పని కూడా తగిలించారు. ఏటా ఫిబ్రవరి నెలాఖరుకల్లా ప్రతి విద్యార్థికీ టీ2202 అనే ఫారం ఇవ్వాలి. గడిచిన ఏడాదిలో అతను ఎంత ట్యూషన్ ఫీజు కట్టాడు, ఎన్ని నెలలు చదివాడు అన్నది అందులో ఉంటుంది. ఆ వివరం పన్నుల శాఖకు కూడా పోతుంది. దాన్ని ఆధారం చేసుకుని విద్యార్థి తాను కట్టాల్సిన ఆదాయపు పన్నును తగ్గించుకోవచ్చు. ఆ ఏడు పన్నే పడకపోతే ముందు ముందు ఉద్యోగం వచ్చాక వాడుకోవడానికి దాచుకోవచ్చు. విత్‌డ్రా అయినవాళ్లకు ఫీజు వాపసు ఇస్తే ఆ మేరకు అంకె తగ్గించి సవరించిన ఫారం పంపుతాం. చేతికి తిరిగొచ్చిన ఫీజు మీద పన్ను రాయితీ ఏమిటి, అర్థం పర్థం ఉండాలి కదా.

ఆ సెప్టెంబర్‌లో కాలేజీ కిటకిటలాడింది. క్లాసులు చాలక సాయంత్రాలు కూడా పాఠాలు పెట్టారు. లిఫ్టులో తెలుగు, కాఫీ క్యూలో తెలుగు, పార్కింగులో తెలుగు. "ఆంటీ, మీది ఏ ఊరు?" అని కౌంటర్ ముందు ఒకటే పలకరింపులు. నాది తెనాలి అంటే ఎవరో ఒకరు మా పిన్నిగారిది కూడా అదే అనేవారు. అక్టోబర్ వచ్చేసరికి ఆ పలకరించిన మొహాల్లో చాలా మొహాలు కనబడటం మానేశాయి. మెయిళ్లు పెట్టాను. తెలుగులో పోస్టరు రాసి లిఫ్టు పక్కన అంటించాను, మానేసేవాళ్లు దయచేసి ఫారం ఇచ్చి మానేయండి, మీ డబ్బు మీకు వస్తుంది అని. ఒక్కరు రాలేదు. మిగతా దేశాల పిల్లలు వచ్చి, ఫారం ఇచ్చి, హాయిగా డబ్బు తీసుకుని పోతున్నారు. మనవాళ్లు మాత్రం బస్టాపులో నన్ను చూస్తే అటు తిరిగి నిలబడుతున్నారు. నాకు ఒళ్లు మండిపోయేది.

ఇంటికొచ్చి ఆ మంటంతా మా ఆయన మీద చూపించేదాన్ని. యూనివర్సిటీలో మట్టి పరీక్షలు చేసి రిటైరైన మనిషి, దేనికీ తొణకరు. వాళ్లకేదో భయం ఉండి ఉంటుంది, అడిగి చూడమనేవారు. అడగడానికి దొరికితే కదా!

మార్చి మొదట్లో ఒకమ్మాయి దొరికింది. దొరకడమేమిటి, తనే వచ్చింది. పేరు లాస్య, ఊరు మిర్యాలగూడ. పార్కా చలికోటు కింద డోనట్ల షాపు యూనిఫాం, చేతిలో ప్లాస్టిక్ ఫోల్డర్. అందులోంచి టీ2202 ప్రింటు జాగ్రత్తగా తీసి కౌంటర్ మీద పెట్టింది. "మేడం, దీని మీద స్టాంపు కొట్టిస్తరా? ప్రిన్సిపాల్ సార్ సంతకం గూడ కావాలె" అంది.

మా కాలేజీకి ప్రిన్సిపాల్ అనేవాడు లేడు. రౌండు సీలు అసలే లేదు. ఇది కంప్యూటర్ ఇచ్చే ఫారం తల్లీ, స్టాంపు అక్కర్లేదు అన్నాను. నమ్మలేదు. స్టాంపు లేకపోతే డబ్బులు రావట కదా అంది. ఏ డబ్బులని అడిగాను. ఇంత చిన్న విషయం తెలియదా అన్నట్టు నా మొహంలోకి చూసి, "ఫీజు రీయింబర్స్‌మెంట్ మేడం" అంది.

నేను దేశం వదిలేనాటికి ఆ పథకం లేదు. ఆ అమ్మాయే ఓపిగ్గా చెప్పింది. "మా అన్న బీటెక్ ఫీజంత గవర్నమెంటే కట్టింది మేడం. కాలేజోళ్లు ఫారం ఇస్తరు, మనం సంతకం పెడ్తం, పైసలు పడ్తయి. ఈడ గూడ గంతే అని శ్రీకాంత్ అన్న చెప్పిండు. ఇంత పెద్ద దేశం, కట్టదా?"

శ్రీకాంత్ అన్న ఎవరని అడగబోయి ఆగి, ముందు కంప్యూటర్లో తన నంబరు కొట్టి చూశాను. సెప్టెంబర్‌లో బిజినెస్ డిప్లొమాలో చేరింది. టర్మ్ ఫీజంతా కట్టింది. అన్ని సబ్జెక్టులూ ఫెయిలు. ఇదేమిటమ్మా అంటే, కొన్ని వారాలు వచ్చి మానేశానని చెప్పింది. జనవరి నుంచి ఊళ్లోనే ఇంకో కాలేజీలో ఆరోగ్య సంరక్షణ కోర్సు చదువుతోంది. ఇమ్మిగ్రేషన్ ఖాతాలో కాలేజీ మార్పు కూడా సరిగ్గానే పెట్టుకుంది. అన్నీ చేసిన పిల్లవి, ఇక్కడికొచ్చి ఒక్క విత్‌డ్రాయల్ ఫారం ఇవ్వడానికి ఏమొచ్చిందని గట్టిగానే అడిగాను.

"ఇస్తే సర్టిఫికెట్లు పట్టుకుంటరు కద మేడం!"

అప్పుడు బయటపడింది అసలు సంగతి. అక్కడ వాళ్లన్న, ఆ బీటెక్ కాలేజీకి ముందు ఇంకో కాలేజీలో చేరి, నచ్చక, మధ్యలో మానేస్తానని అడిగాడట. మిగిలిన ఏళ్ల ఫీజంతా కట్టి పొమ్మన్నారట. కట్టేదాకా పదో తరగతి మెమో, ఇంటర్ మెమో ఇవ్వమన్నారట. తండ్రి ఎవరెవరి కాళ్లో పట్టుకుని విడిపించుకురావాల్సి వచ్చిందట. అందుకని ఆ ఇంట్లో అందరికీ ఒక పాఠం పడింది: కాలేజీ మానాలంటే ఎవరికీ చెప్పకూడదు, మెల్లగా జారుకోవాలి. సస్కటూన్‌లో మన పిల్లలంతా ఆ పాఠమే పాటిస్తున్నారట. డార్లీన్ నన్ను కనుక్కోమన్నది ఇదే.

మా దగ్గర ఎవరి సర్టిఫికెట్లూ ఉండవు, మీరు పంపిన స్కాన్ కాపీలే ఉంటాయి, నీ ఒరిజినల్స్ ఎక్కడున్నాయని అడిగాను. సూట్‌కేసులో ఉన్నాయంది. మరి మేమెలా పట్టుకుంటామే అన్నాను. కాసేపు ఆలోచించి, "ఆన్‌లైన్ల ఆపుతరేమో" అంది.

కొత్త కాలేజీలో వేసవి టర్మ్ ఫీజు ఏప్రిల్ నెలాఖరుకు కట్టాలి. వాళ్ల నాన్న ఇక ఈ ఏడాది నావల్ల కాదని చెప్పేశారు. కట్టకపోతే సీటు పోతుంది, సీటు పోతే స్టడీ పర్మిట్‌తో ఇక్కడ ఉండే అర్హతే ఉండదు. ఆ ఫీజు ఎక్కడి నుంచి తెస్తావని అడిగితే, నా కౌంటర్ మీదున్న టీ2202 మీద వేలు పెట్టి చూపించింది. "ఇది పడంగనే అది కడ్త" అంది. ఏడుపు లేదు, కంగారు లేదు. బ్యాంకులో ఉన్న డబ్బు సంగతి చెప్పినట్టు చెప్పింది.

చిలక్కి చెప్పినట్టు చెప్పాను. ఇది పన్నులో తగ్గింపు, చేతికిచ్చే డబ్బు కాదు. అదైనా ఫీజంతా కాదు, ఫీజు మీద నూటికి పదిహేను వంతున లెక్క కట్టి నీ పన్నులోంచి తీసేస్తారు. డోనట్ల షాపులో నువ్వు సంపాదించినదానికి పన్నే దాదాపు లేదు. జీతంలో పట్టుకున్నది కాస్తో కూస్తో ఉంటే, ఈ ఫారం ఉన్నా లేకపోయినా వెనక్కి వస్తుంది. లేని పన్నులో తగ్గించేదేముంది? కాగితం మీద గీతలు గీసి చూపించాను. శ్రద్ధగా విన్నది, తల ఊపింది, అంతా అయ్యాక, "అయితే స్టాంపు కొట్టరా మేడం?" అంది. నా తల ప్రాణం తోకకొచ్చింది.

సరే, పన్ను సంగతి పక్కన పెట్టి అసలు ఫీజు సంగతి చూద్దామని ఆ అమ్మాయి ఫైలు మొదటినుంచి తిరగేశాను. మా కాలేజీకి ఒక నియమం ఉంది. తొలి వారాల్లోనే ప్రతి అధ్యాపకుడూ క్లాసుకు రాని విద్యార్థుల పేర్లు రిజిస్ట్రార్ ఆఫీసుకు పంపాలి. వాళ్లు ఆ విద్యార్థికి నోటీసు పంపాలి, మానదలుచుకుంటే ఈ తేదీలోగా విత్‌డ్రా అవ్వు, లేకపోతే ఫీజు రాదు అని. లాస్య పేరు అధ్యాపకుడు పంపాడు. నోటీసు మాత్రం వెళ్లలేదు. ఆ రద్దీలో ఎవరికీ ఊపిరి సలపలేదు, తప్పిపోయింది. తప్పు మాదే. అలాంటప్పుడు గడువు దాటినా విద్యార్థి అప్పీలు పెట్టుకోవచ్చు. ఒక కమిటీ చూసి, మానేసిన నాటి నుంచే విత్‌డ్రా అయినట్టు నిర్ణయిస్తే ఫీజు వాపసు వస్తుంది. అయితే మా పద్దులు మార్చి నెలాఖరుకు మూస్తారు. ఆ లోపలే అప్పీలు రావాలి.

అప్పీలు ఫారం ప్రింటు తీసి పెన్నుతో సహా ముందుకు జరిపాను. ఇక్కడ సంతకం పెట్టు, డిపాజిట్ పోను మిగతా ఫీజంతా వస్తుంది, అదే తీసుకెళ్లి కొత్త కాలేజీలో కట్టుకో అన్నాను. ఆ అమ్మాయి పెన్ను ముట్టుకోలేదు.

"అప్పుడు ఈ రీయింబర్స్‌మెంట్ ఫారంల ఎంతుంటది?"

"దాదాపు ఏమీ ఉండదు. సవరించి పంపుతాం."

దాంతో ఆ పిల్ల మొహం మారిపోయింది. తన టీ2202 చటుక్కున తీసి ఫోల్డర్‌లో పెట్టేసుకుంది. మర్యాదగానే, నెమ్మదిగానే అడిగింది. "మా పేరు మీద గవర్నమెంట్ ఇచ్చేది మీ కాలేజే తీస్కుంటదా మేడం?"

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఇన్నేళ్ల సర్వీసులో ఒకరి సెంటు ముట్టుకోని మనిషిని పట్టుకుని ఈ మాటా! ఏమన్నానో నాకే గుర్తులేదు కానీ, పక్క కౌంటర్ వాళ్లు తలెత్తి చూసేంత గొంతుతో అన్నాను. శ్రీకాంత్ అన్నని అడిగి చెప్తానని చెప్పి వెళ్లిపోయింది. ఆయన ముందే ఏ కాగితం మీదా సంతకం పెట్టొద్దన్నాడట.

డార్లీన్ దగ్గరికి వెళ్లి సంగతంతా చెప్పాను. మన ఆఫీసు తప్పు కాగితం మీదికెక్కుతుందని ఆవిడకు కాస్త ఇబ్బందిగానే ఉంది. అయినా అడ్డు చెప్పలేదు. అమ్మాయి సంతకం పెడితే పంపు, పెట్టకపోతే మనం చేయగలిగింది లేదు, తన డబ్బు తనకు వద్దనే హక్కు కూడా మనిషికి ఉంటుంది అంది. నియమం ప్రకారం అది నిజమే. ఆ నిజం విని నాకు ఇంకా చిర్రెత్తుకొచ్చింది.

తర్వాత లాస్యకు ఫోన్లు చేశాను, ఎత్తలేదు. మెయిళ్లకు జవాబు లేదు. చూస్తూ చూస్తూ నెల చివరి వారం వచ్చేసింది. ఆఖరికి ఒకరోజు ఆఫీసు నుంచి నేరుగా ఆ డోనట్ల షాపుకు వెళ్లి వరసలో నిలబడ్డాను. నన్ను చూడగానే లాస్య కళ్లు దించుకుంది. టీ చెప్పి, ఫైలు సంగతి ఒక్క మాట ఎత్తకుండా, "మీ శ్రీకాంత్ అన్నని ఆఫీసుకు తీసుకురా. ఆయనతోనే మాట్లాడతాను" అన్నాను. వెనక నిలబడ్డ ట్రక్కు డ్రైవరు గొంతు సవరించుకున్నాడు. నేను కదల్లేదు. తెస్తానని తల ఊపాకే టీ తీసుకుని పక్కకు జరిగాను.

మర్నాడు ఇద్దరూ వచ్చారు. శ్రీకాంత్ అంటే ఎవరో మాయగాడని ఊహించుకుని, చెడామడా తిట్టడానికి సిద్ధంగా కూర్చున్నాను. తీరా చూస్తే పాతికేళ్ల కుర్రాడు, గడ్డం, వేలికి తిప్పుతున్న కారు తాళాలు. ఊరు జగిత్యాల. నమస్తే ఆంటీ అని రెండు చేతులూ జోడించాడు. వాళ్లంతా కలిసి ఓ ఇంటి కింద అద్దెకుండే బేస్‌మెంట్‌లో ఇతనే పెద్ద దిక్కు. కొత్తగా దిగినవాళ్లను ఎయిర్‌పోర్టు నుంచి తేవడం, సిమ్ కార్డులు, గదులు, ఏప్రిల్ వస్తే అందరి పన్ను రిటర్నులూ తన ల్యాప్‌టాప్ మీద వేయడం, అన్నీ అతనే. ఎవరి దగ్గరా ఏమీ తీసుకోడు. తిట్టడానికి నోరు రాలేదు, అందుకు కూడా నాకు విసుగొచ్చింది.

"నాకు పడ్డయి ఆంటీ" అని ఫోన్‌లో బ్యాంకు ఖాతా తెరిచి చూపించాడు. ఫెడరల్ ప్రభుత్వం నుంచి పడ్డ చిన్న చిన్న మొత్తాలు నిజంగానే ఉన్నాయి. అవి జీఎస్టీ క్రెడిట్. తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు, సరుకుల మీద కట్టే పన్నుకు బదులుగా మూడేసి నెలలకు ప్రభుత్వం వేసే డబ్బు. ఫీజుకూ దానికీ ఏ సంబంధమూ లేదు. ఇతను దాన్ని రీయింబర్స్‌మెంట్ మొదటి వాయిదా అనుకున్నాడు. ఊళ్లో కూడా వాయిదాల మీదే పడేదట, ఏళ్లకేళ్లు ఆలస్యమయ్యేదట. అందుకని మిగతాది నిదానంగా వస్తుందని ఎదురుచూస్తున్నాడు. తనకు పడ్డాయి కాబట్టి అందరికీ పడతాయని చెప్పాడు. బేస్‌మెంట్ అంతా నమ్మింది.

సరే, ఇక లాస్య విషయానికి వద్దామంటే నాకు ఇంకో అడ్డు. ఒక విద్యార్థి ఫైలు గురించి మూడో మనిషితో మాట్లాడాలంటే ఆ విద్యార్థి సమ్మతి పత్రం మీద సంతకం చేయాలి. ఆ కాగితం తీశాను. లాస్య చేతులు రెండూ పార్కా జేబుల్లో పెట్టేసుకుంది. సంతకం అంటే చాలు, పిల్ల బిగుసుకుపోతోంది! నెత్తీ నోరూ కొట్టుకోవడం ఒక్కటే తక్కువైంది నాకు.

శ్రీకాంత్ నవ్వాడు. "ఆమెది వద్దు ఆంటీ, నాది చూడుండ్రి. నేను గూడ ఫస్టు ఈడనే చేరిన. మీరు చెప్పేది నిజమైతే నాకు గూడ ఉండాలె కద!" అని మా పాత విద్యార్థి కార్డు తీసి ఇచ్చాడు.

చూశాను. అంతకు ముందు ఏడు సెప్టెంబర్‌లో చేరాడు, అదే బిజినెస్ డిప్లొమా. కొన్ని వారాలకే రావడం మానేసి వేరే కాలేజీకి మారాడు. ఫారం ఇవ్వలేదు. అధ్యాపకుడు అతని పేరు కూడా పంపాడు. అతనికి కూడా నోటీసు వెళ్లలేదు. అక్షరాలా అదే కేసు. ఒకే తేడా, అతని ఏడాది పద్దులు కిందటి మార్చిలో మూసేశారు.

తన ఫైలు తాను చూసే హక్కు అతనికుంది కాబట్టి స్క్రీను అటు తిప్పాను. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. పోయిన ఏడాది ఇదే నెలలో ఇక్కడికొచ్చి ఒక్క సంతకం పెట్టి ఉంటే, డిపాజిట్ పోను ఇదిగో ఈ మొత్తం నీకు వచ్చి ఉండేది అని వేలితో చూపించాను. అతను తాళాలు తిప్పడం ఆపేశాడు.

"ఇప్పుడు పెట్టొచ్చా ఆంటీ?"

కుదరదన్నాను. నా మాట మీద వదిలేయకుండా లోపలికి వెళ్లి డార్లీన్‌ని పిలుచుకొచ్చాను. ఆవిడ నిలబడే ఫైలంతా చదివి, ఆడిట్ అయిపోయిన పద్దును తెరిచే అధికారం కమిటీకి కూడా లేదని, చాలా విచారంగా ఉందని ఇంగ్లీషులో చెప్పింది. ఆ మాట అతనికి తెలుగులో చెప్పాల్సిన అవసరం రాలేదు.

"మరి రీయింబర్స్‌మెంట్?" అన్నాడు నా వైపు తిరిగి. చిన్నపిల్లాడి గొంతులా వచ్చింది.

"అది ఈ దేశంలో లేదు బాబూ. ఎప్పుడూ లేదు."

మెత్తగా చెప్పడానికి ఇంకో మాటేదీ నాకు దొరకలేదు. అతను "మా అక్క పంపింది ఆంటీ ఆ ఫీజు. వాపస్ వస్తదని ఇప్పటిదాంక చెప్పుకుంట వస్తున్న" అన్నాడు. నాకు చాలా బాధేసింది. అంత బాధలోనూ, ఒక్క పోస్టరు చదివి ఉంటే సరిపోయేది కదరా అని కోపం కూడా వచ్చింది. అతని ఏడాదిలో పోస్టరే లేదని తర్వాత గుర్తొచ్చింది.

అతను లాస్య వైపు తిరిగాడు. "పెట్టు" అన్నాడు.

"నువ్వే వద్దంటివి కదన్నా..."

"నేను చెప్పింది తప్పు. నాయి పోయినయ్. నువ్వు సంతకం పెట్టు."

పెన్ను తనే తీసి ఆ అమ్మాయి చేతికిచ్చాడు. ఆ సాయంత్రమే అప్పీలు రిజిస్టర్ చేయించాను.

కమిటీలో డిప్యూటీ రిజిస్ట్రార్, ఒక అధ్యాపకుడు, ఒక విద్యార్థి ప్రతినిధి ఉంటారు. నియమం తెలియకపోవడం ఒక కారణమా అని అధ్యాపకుడు అడిగాడు. కాదని నేనే ఒప్పుకున్నాను. మనం పంపాల్సిన నోటీసు మనం పంపకపోవడం కారణమని, లాస్య క్లాసు అధ్యాపకుడి నివేదిక వాళ్ల ముందు పెట్టాను. పెద్దగా వాదన జరగలేదు. అప్పీలు అంగీకరించారు. ఫీజు ఏ ఖాతా నుంచి వచ్చిందో ఆ ఖాతాకే వాపసు పంపాలన్నది మా పద్ధతి కాబట్టి డబ్బు మిర్యాలగూడలో వాళ్ల నాన్న ఖాతాకు వెళ్లింది. ఆయన వెంటనే తిప్పి పంపారు. లాస్య గడువు లోపలే కొత్త కాలేజీలో ఫీజు కట్టింది. నేను సవరించిన టీ2202 పంపిన రోజు ఫోన్ చేసింది. "ఫారంల ఏం లేదు మేడం. గని ఫీజు కట్టిన" అంది. థాంక్స్ చెప్పడం మర్చిపోయి, మళ్లీ చేసి చెప్పింది.

శ్రీకాంత్ కోసం రిజిస్ట్రార్‌కు విడిగా ఒక మెమో రాశాను. నోటీసు లోపం మాదేనని, ప్రత్యేకంగా పరిశీలించమని కోరాను. ఆ సంవత్సరపు పద్దు ముగిసిందని ఒక్క వాక్యంలో జవాబొచ్చింది. ఇంకోసారి రాశాను. అదే వాక్యం మళ్లీ వచ్చింది.

మళ్లీ సెప్టెంబర్ వచ్చాక, గడువు ఇంకా ఉండగానే, తెలుగు పిల్లలు నా కౌంటర్‌కు రావడం మొదలుపెట్టారు. ఫారం నింపి, సలహాదారు సంతకంతో సహా తెచ్చేవారు. పోస్టరు చూసి వచ్చారా అంటే ఏ పోస్టరు అనేవారు. ఎవరు పంపారంటే అందరిదీ ఒకటే జవాబు, శ్రీకాంత్ అన్న. ఒకబ్బాయి వాళ్ల గ్రూపులో అతను పెట్టిన వాయిస్ మెసేజ్ వినిపించాడు. "ఈడ రీయింబర్స్‌మెంట్ లేదు. సర్టిఫికెట్లు ఎవ్వరు పట్టుకోరు. కాలేజీ మారేటోళ్లు ముందుగాల ఆంటీ దగ్గరికి పోయి సంతకం పెట్టుండ్రి. నాయి పోయినయ్, మీయి పోవద్దు." అందులో నవ్వు లేదు, ఏడుపూ లేదు.

మరుసటి వసంతంలో నేను రిటైరయ్యాను. ఆ డెస్కులో నా తర్వాత కూర్చున్నామెకు రెండు సంగతులు చెప్పి వచ్చాను. విద్యార్థి చేతికి ఏ ఫారం ఇచ్చినా, అది ఏమిటో చెప్పే ముందు అది ఏది కాదో చెప్పాలి, ఎందుకంటే వాళ్ల ఊళ్లో అలాంటిదే ఇంకోటి ఉండి ఉంటుంది. రెండోది, నియమాలు ఆఫీసు మెయిళ్లతో చేరవు. పిల్లలు ఎవరి మాట వింటారో కనుక్కుని, ముందు ఆ మనిషిని కూర్చోబెట్టి చెప్పాలి. విత్‌డ్రా అయ్యేవాళ్ల ఫీజు నష్టం ఆ ఏడాది బాగా తగ్గిందని మా ఆఫీసు వార్షిక నివేదికలో రాసుకుంది. దానికి కారణమైన మనిషికి ఒక్క డాలరు కూడా వాపసు రాలేదు.